ఆఫీసులో మౌనం, ఇంట్లో కోపం.. ఎందుకిలా?

ప్రశ్న: నా వయసు 38 ఏళ్లు. ఒక సంస్థలో చిన్న బృందానికి బాధ్యుడిగా పనిచేస్తున్నాను. మీటింగ్‌లో పై అధికారి నా పనిలో లోపం ఎత్తిచూపితే గొంతు పట్టేసినట్లయి నోట మాట రాదు. సాయంత్రం ఇంటికి వచ్చాక మాత్రం నా భార్య మామూలుగా అడిగిన మాటకే విసుక్కుంటున్నాను. ఏమైందని అడిగితే ‘ఏం లేదు’ అనడం తప్ప ఏం చెప్పాలో తోచదు. నిజానికి నాకేమవుతోందో నాకే అర్థం కాదు. బీపీ, షుగర్ పరీక్షల్లో తేడా ఏమీ లేదు. ఇది మానసిక జబ్బా? మందులు వాడాలా?

సమాధానం: మీరు రాసిన వివరాలను బట్టి ఇది జబ్బులా అనిపించటం లేదు. ‘నాకేమవుతోందో నాకే అర్థం కాదు’ అన్న మాటలోనే మీ సమస్య మూలం ఉందని నా అభిప్రాయం. మీటింగ్‌లో మీకు కలిగింది అవమానమా, భయమా, అన్యాయం జరిగిందన్న బాధా అన్నది తెలుసుకోకుండానే మీరు దాన్ని అణచుకుంటున్నారు. అదే సాయంత్రానికి విసుగుగా మారి, ఆ సంఘటనతో ఏ సంబంధమూ లేని మీ భార్య మీదికి మళ్లుతోంది.

నలుగురిలో మనల్ని తప్పుపట్టినప్పుడు మెదడు దాన్ని ఒక ప్రమాదంలాగే పరిగణిస్తుంది. అడ్రినలిన్ అనే హార్మోన్ విడుదలవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, దవడ, మెడ, గొంతు కండరాలు బిగుసుకుంటాయి. ఆలోచించి మాట కూర్చుకోవటానికి తోడ్పడే మెదడు ముందుభాగం ఆ కాసేపు సరిగా పనిచేయదు. చెప్పాల్సిన జవాబు మీటింగ్ ముగిసిన గంటకు గానీ తట్టకపోవటానికి కారణం ఇదే. ఇందులో మీ తెలివితేటల లోపమేమీ లేదు.

అయితే పైకి కనబడకుండా దాచుకోవటాన్ని నిగ్రహమని మీరు అనుకుంటూ ఉండొచ్చు. భావోద్వేగాల అదుపు మీద స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ గ్రాస్ బృందం చేసిన ప్రయోగాల్లో, ముఖంలో ఏమీ కనిపించనీయకుండా బిగబట్టుకున్నవారికి లోపలి బాధ తగ్గలేదు సరికదా, గుండె, రక్తనాళాల మీద భారం పెరిగింది. 2003లో వెలువడిన మరో అధ్యయనంలో అలా బిగబట్టుకున్న వ్యక్తితో మాట్లాడుతున్నవారి రక్తపోటు కూడా పెరిగినట్లు తేలింది. కాబట్టి ‘ఏం లేదు’ అన్న మీ మాట మీ భార్యకు ఊరటనివ్వకపోవటంలో ఆశ్చర్యం లేదు.

దీనికి మందు లేదు గానీ సాధన ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలెస్‌కు చెందిన మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో ప్రచురించిన మెదడు స్కానింగ్ అధ్యయనంలో, కోపంగానో భయంగానో ఉన్న ముఖాలను చూసి ఆ భావానికి పేరు చెప్పినప్పుడు, భయాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం చురుకుదనం తగ్గింది. మీరు ముందుగా శరీరాన్ని గమనించటంతో మొదలుపెట్టండి. దవడ బిగుసుకోవటం, ఊపిరి పైపైన ఆడటం వంటివి కోపం కంటే ముందే కనిపిస్తాయి. ఆపైన ఆ భావానికి వీలైనంత కచ్చితమైన పేరు పెట్టుకోండి. ‘బాగోలేదు’ అనుకుంటే చాలదు. ఎందుకంటే పేరును బట్టి మీరు కోరవలసింది మారిపోతుంది. అందరి ముందు చిన్నబుచ్చుకోవటమే బాధ అయితే, ఇకమీదట లోపాలను విడిగా చెప్పమని అధికారిని కోరవచ్చు. మీ వాదన వినలేదన్నది బాధ అయితే వివరాలతో మళ్లీ కలవాలి. ఉద్యోగం గురించిన భయమైతే, మీ నుంచి ఏం ఆశిస్తున్నారో సూటిగా అడిగి తెలుసుకోవాలి. అన్నిటికీ కోపం ఒక్కటే సమాధానమైతే వీటిలో ఏదీ జరగదు.

మనసులో ఉన్నదంతా ఆఫీసులో బయటపెట్టమని దీనర్థం కాదు. అక్కడికక్కడ మాట రానప్పుడు ‘వివరాలు చూసుకుని రేపు ఉదయం మీతో మాట్లాడతాను’ అంటే సరిపోతుంది. బృందానికి బాధ్యులు కనుక మరో మాట కూడా చెప్పాలి. మీ కింద పనిచేసేవారు మౌనంగా ఉంటే అది అంగీకారమని అనుకోకండి. మీలాగే వారికీ గొంతు పట్టేసి ఉండవచ్చు.

ఇంట్లో మాత్రం ఇంకాస్త విప్పి చెప్పాలి. ‘ఈరోజు అందరి ముందు మాట పడ్డాను, మనసు బాగోలేదు, అరగంట ఆగి మాట్లాడతాను’ అనండి. దంపతుల గొడవలపై ఏళ్ల తరబడి పరిశోధించిన జాన్ గాట్‌మన్, ఉద్వేగంలో గుండె వేగం నిమిషానికి 100 దాటితే ఎదుటివారి మాట చెవికెక్కదనీ, నెమ్మదించటానికి కనీసం 20 నిమిషాలు పడుతుందనీ అంటారు. ఆ సమయంలో జరిగిన గొడవనే తలచుకుంటూ కూర్చుంటే ఫలితం ఉండదు. చెప్పిన వేళకు తిరిగి వచ్చి మాట్లాడటం కూడా తప్పనిసరి. ఇంకొక జాగ్రత్త: ‘నువ్వు నన్ను లెక్కచేయటం లేదనిపిస్తోంది’ అనేది వినటానికి మనసులోని భావం చెప్పినట్లే ఉన్నా, అది నింద. ‘నాకు బాధగా ఉంది, ఒంటరిగా అనిపిస్తోంది’ అన్నప్పుడు ఎదుటివారు తమను తాము సమర్థించుకోవలసిన అవసరం ఉండదు.

చిరాకుకు శారీరక కారణాలు కూడా ఉంటాయి. నిద్ర చాలకపోవటం, కాఫీ ఎక్కువ కావటం, థైరాయిడ్ అతిగా పనిచేయటం అలాంటివే. కాబట్టి ఒకసారి థైరాయిడ్ పనితీరును తెలిపే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించుకోండి. పురుషుల్లో కుంగుబాటు కొన్నిసార్లు దిగులుగా కాక చిరాకుగా బయటపడుతుంది. రెండు వారాలకు పైగా దేనిమీదా ఆసక్తి లేకపోవటం, నిద్ర, ఆకలి దెబ్బతినటం, మద్యం మీద ఆధారపడటం వంటివి ఉంటే మానసిక వైద్యులను కలవండి. చేయి చేసుకునేంత కోపం వస్తున్నా, చనిపోవాలన్న ఆలోచన వచ్చినా ఆలస్యం చేయకుండా వెంటనే వెళ్లండి. ఇవేవీ లేకపోతే ప్రస్తుతానికి మందులు అక్కర్లేదు. కొన్ని నెలలు సాధన చేసినా మార్పు కనిపించకపోతే క్లినికల్ సైకాలజిస్టు దగ్గర కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనల, ప్రవర్తన తీరును మార్చుకోవటానికి తోడ్పడే మాటల చికిత్స) తీసుకోవచ్చు. వీలైతే ఒకటి రెండు సిటింగ్‌లకు మీ భార్యను కూడా వెంట తీసుకెళ్లండి.