టెక్ సందేహాలు: ఆ లైను అక్కడ ఎందుకుంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ప్రోగ్రాములు రాసే పద్ధతుల గురించినవే. నాలుగూ మన గోదావరి జిల్లాల నుంచే వచ్చాయి. అడిగిన తీరు వేరైనా చిక్కు ఒకటే కనుక, ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల ప్రశ్నలను వచ్చే వారానికి వాయిదా వేసి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: ఆకివీడు దగ్గర రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లను (నీటికి గాలి అందించే యంత్రాలను) నడిపే ప్రోగ్రామ్‌ను రెండు నెలల క్రితం నాకు అప్పగించారు. అంతకుముందు దాన్ని రాసినాయన ఉద్యోగం మారిపోయారు. డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) సెన్సర్ రీడింగు ఎంత ఉన్నా సరే, రాత్రి ఒంటిగంట నుంచి ఉదయం ఐదున్నర వరకు ఏరియేటర్లు తిరిగేలా అందులో ఒక లైను ఉంది. సెన్సర్ ఉండగా ఇది కరెంటు దండగ అనుకుని తీసేశాను. నాలుగో రోజు తెల్లవారుజామున రొయ్యలు పైకి తేలాయి. కాపలాదారు చూసి చేత్తో స్విచ్ వేయబట్టి చెరువు దక్కింది. మంచి కోడ్‌కు కామెంట్లు (చదివేవారి కోసం కోడ్ పక్కన రాసే వివరణలు) అక్కర్లేదని మా సీనియర్ ఎప్పుడూ అంటారు. ఆ మాట నిజమేనా?

జవాబు: సగమే నిజం. ప్రోగ్రామ్ ఏం చేస్తోందో చెప్పడానికి కామెంట్ అక్కర్లేదు. పేర్లు సరిగ్గా పెట్టి, ఒక్కో పనిని ఒక్కో చిన్న ఫంక్షన్‌గా విడదీస్తే కోడే ఆ సంగతి చెబుతుంది. ఆ పని ఎందుకు చేస్తోందో మాత్రం ఎంత అందంగా రాసిన కోడూ చెప్పలేదు. మీరు తీసేసిన లైను ఒంటిగంట నుంచి ఐదున్నర వరకు ఏరియేటర్లు తిప్పమంటోందని మీకు చదవగానే అర్థమైంది. అర్థం కానిది కారణం. ఆ కారణం రాసినాయనతోపాటే వెళ్లిపోయింది.

ఆ కారణం చెరువు గట్టు మీద అందరికీ తెలిసినదే. పగలు ఎండ ఉన్నంతసేపూ నీటిలోని పాచి ఆక్సిజన్‌ను తయారు చేస్తుంది. చీకటి పడగానే ఆ తయారీ ఆగిపోతుంది కానీ, రొయ్యలు, పాచి, అడుగున కుళ్లుతున్న మేత దాన్ని వాడుకుంటూనే ఉంటాయి. అందువల్ల తెల్లవారే ముందు డీఓ అన్ని వేళలకన్నా తక్కువకు పడిపోతుంది. ముందురోజు మబ్బు పట్టి ఉంటే ఇంకా పడిపోతుంది. సరిగ్గా ఆ సమయంలోనే సెన్సర్ మోసం చేయవచ్చు. గత వేసవిలో ఒక చెరువు దగ్గర నేను స్వయంగా చూశాను. పొద్దుగుంకాక అరగంట గడిచినా స్క్రీన్ మీద అంకె కదలలేదు. రైతు సెన్సర్‌ను పైకి లాగితే దాని కొసన వేలెడు మందాన ఆకుపచ్చని జిగురు పట్టి ఉంది. ఆయన తువ్వాలు చెంగుతో దాన్ని తుడిచి మళ్లీ నీటిలో ముంచిన రెండు నిమిషాలకే అంకె దిగడం మొదలైంది. పాచి కప్పేసిన సెన్సర్‌కు నీటిలోని మార్పు ఆలస్యంగా అందుతుంది. ముందు రాసినాయనకు ఈ అనుభవం తప్పకుండా ఎదురై ఉంటుందని, అందుకే ఆ లైను చేర్చారని నా అభిప్రాయం.

కనుక ఆ లైనును ఈరోజే తిరిగి పెట్టండి. దానిపైన ఇలా రాయండి: "సెన్సర్‌కు పాచి పడితే రీడింగు ఆలస్యంగా మారుతుంది. డీఓ బాగా పడిపోయేది ఈ వేళల్లోనే. అందుకే రీడింగుతో సంబంధం లేకుండా ఏరియేటర్లు తిప్పుతున్నాం. మార్చేముందు చెరువు చూసేవారిని అడగండి." రాయడానికి రెండు నిమిషాలు పట్టదు. అంతటితో ఆగకుండా ఒక టెస్ట్ కూడా రాయండి. గడియారం తెల్లవారుజామున మూడు అని, సెన్సర్ లీటరుకు 6 మిల్లీగ్రాములని చూపుతున్నట్టు కల్పించి, అప్పుడూ ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో ఆ టెస్ట్ చూడాలి. రేపు మీ స్థానంలోకి వచ్చే వ్యక్తి కామెంట్ చదవకుండానే లైను తీసేసినా, టెస్ట్ తప్పి ఆయన్ను ఆపుతుంది. ఇకమీదట అర్థంకాని లైను కనిపిస్తే, తీసేసేముందు గిట్‌లో (కోడ్‌లో చేసిన మార్పుల చరిత్రను దాచే సాధనంలో) 'బ్లేమ్' ఆదేశం ఇచ్చి అది ఎవరు, ఎప్పుడు, ఏ కమిట్‌లో (ఒక్కసారిగా దాచిన మార్పులో) చేర్చారో చూసి, ఆ కమిట్ సందేశాన్ని 'షో' ఆదేశంతో చదవండి. అక్కడ "అప్‌డేట్" అన్న ఒక్క మాటే కనిపిస్తే, మీ కమిట్ సందేశాల్లో కారణం ఎందుకు రాయాలో మీకే తెలిసివస్తుంది.

ప్రశ్న: అమలాపురంలో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ధవళేశ్వరం నీటిమట్టాన్నిబట్టి లంక గ్రామాల వారికి వరద హెచ్చరిక పంపే ప్రాజెక్టు చేస్తున్నాం. ప్రతి లైనుకూ కామెంట్ ఉండాలని మా ల్యాబ్‌లో నియమం. కామెంట్లను ఏఐతో రాయించవచ్చా?

జవాబు: రికార్డుకు మార్కులు ఆ నియమాన్నిబట్టే వేస్తారు కనుక రికార్డు అలాగే రాయండి, ప్రాజెక్టు కోడ్‌ను మాత్రం అలా నింపవద్దు. లెక్కకు ఒకటి కలిపే లైను పక్కన "ఒకటి కలుపుతున్నాం" అని రాస్తే చదివేవారికి కొత్తగా తెలిసేది ఏమీ లేదు. పైగా రేపు ఆ ఒకటిని రెండు చేసినప్పుడు కామెంట్‌ను మార్చడం ఎవరికీ గుర్తుండదు, అప్పటినుంచి అది అబద్ధం చెబుతూ ఉంటుంది. ఏఐ రాసే కామెంట్లు కూడా ఎక్కువగా ఇలాంటివే. దానికి కనిపించేది కోడ్ మాత్రమే కనుక కోడ్‌లో లేని కారణాన్ని అది ఊహించగలదే తప్ప చెప్పలేదు.

మీ ప్రాజెక్టులో శ్రద్ధ పెట్టవలసినది అంకెల మీద. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది ఇస్తారు. కోడ్‌లో నాలుగుచోట్ల ఊరికే 13.75 అని కనిపిస్తే అది మట్టమో, సమయమో, శాతమో తెలియదు. 'రెండో_హెచ్చరిక_మట్టం_అడుగుల్లో' అనే అర్థం వచ్చేలా దానికి ఒక పేరు పెట్టి, ఆ విలువను ఒక్కచోటే ఉంచండి. పేరు పొడుగైనా ఫరవాలేదు. పేరులో కొలత తప్పనిసరిగా ఉండాలి, ఎందుకంటే మీకు మట్టం అడుగుల్లో, ప్రవాహం క్యూసెక్కుల్లో వస్తుంది. మరోచోట నుంచి తీసుకునే సమాచారం మీటర్లలో, సెకనుకు ఘనపు మీటర్లలో ఉండవచ్చు. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు దాదాపు 28.3 లీటర్లు, ఘనపు మీటరు అంటే వెయ్యి లీటర్లు. రెండూ కలగలిస్తే లెక్క ముప్పై అయిదు రెట్లు తప్పుతుంది.

నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే అంతరిక్షనౌక 1999లో ఈ కారణంతోనే అంగారకుడి దగ్గర నాశనమైంది. భూమి మీది ఒక సాఫ్ట్‌వేర్ ఇంజన్ల తోపుడు లెక్కను పౌండు-సెకన్లలో ఇచ్చింది, దాన్ని అందుకున్న సాఫ్ట్‌వేర్ న్యూటన్-సెకన్లు అనుకుంది. మెట్రిక్ కొలతలే వాడాలని వారి పత్రాల్లో స్పష్టంగా రాసి ఉంది. పత్రం ఒకచోట, కోడ్ ఒకచోట ఉన్నాయి, రెండింటినీ సరిచూసినవారు లేరు. కొలత పేరులోనే ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే.

ప్రశ్న: కామెంట్లు తెలుగులో రాయవచ్చా? వేరియబుల్ పేర్లు కూడా? (పాలకొల్లు నుంచి)

జవాబు: మీ బృందంలో అందరూ తెలుగు చదవగలిగితే కామెంట్లు తెలుగులోనే రాయండి. ఇంగ్లీషులో తడుముకుంటూ రాసిన అరవాక్యం కన్నా తెలుగులో తిన్నగా రాసిన రెండు వాక్యాలు వెయ్యి రెట్లు మేలు. ఫైల్‌ను యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలనూ దాచగల పద్ధతిలో) దాచితే చాలు.

వేరియబుల్ పేర్లకు, అంటే కోడ్‌లో విలువలకు పెట్టే పేర్లకు, మాత్రం తెలుగు వద్దంటాను. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, 2008లో వచ్చిన పైథాన్ 3 నుంచి తెలుగు అక్షరాలతో పేర్లు పెట్టే వీలుంది కానీ, మన టైపింగ్‌లో ఒక చిక్కు ఉంది. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటలో ట కింద వ ఒత్తుగా చేరకుండా ఆపడానికి కంటికి కనిపించని ఒక గుర్తు టైపు చేస్తాం. ఆ గుర్తు ఉన్న పేరును పైథాన్ ఒప్పుకోదు. తప్పెక్కడుందో కళ్లు చించుకుని చూసినా కనిపించదు. కామెంట్లలో ఈ బాధ లేదు. వెతికేటప్పుడు మాత్రం ఆ గుర్తు ఉన్న మాట, లేని మాట వేర్వేరుగా లెక్కకు వస్తాయని గుర్తుంచుకోండి.

ప్రశ్న: మండపేట దగ్గర మాది రైస్ మిల్లు. ధాన్యం కొనుగోలు లెక్కలకు ఒక కుర్రాడు సాఫ్ట్‌వేర్ రాసి ఇచ్చాడు. ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగంలో చేరాడు. అడిగితే ఫోన్‌లో చెబుతాడు కానీ కాగితం మీద ఏమీ లేదు. అతన్ని ఏం రాసిమ్మని అడగాలి?

జవాబు: వంద పేజీల పుస్తకం అడగకండి, అతను రాయడు, రాసినా మీరు చదవరు. రెండు పేజీలు చాలు. కొత్త కంప్యూటర్‌లో దాన్ని ఎలా ఎక్కించాలి, డేటా ఏ ఫోల్డర్‌లో ఉంటుంది, బ్యాకప్ నుంచి దాన్ని తిరిగి ఎలా తెచ్చుకోవాలి, పాస్‌వర్డులు ఎవరి దగ్గర ఉన్నాయి అన్నవి మొదటి పేజీలో ఉండాలి. రెండో పేజీలో మీ వ్యాపారపు నియమాలు రాయాలి. ధర క్వింటాలుకు, రైతు లెక్క బస్తాకు. బస్తా 75 కిలోలని తీసుకుని అతను కోడ్‌లో 0.75తో గుణించి ఉంటాడు. 40 కిలోల సంచుల్లో ధాన్యం వస్తే ఏమవుతుంది? తేమ 17 శాతం దాటితే తరుగు ఎలా తీస్తున్నాడు? ఇవి మీకు తెలుసు, అతనికీ తెలుసు, మూడో మనిషికి తెలియవు. కోడ్ ప్రతిని కూడా అడిగి తీసుకోండి. అది లేకపోతే ఈ కాగితాలున్నా మరొకరు ఆ సాఫ్ట్‌వేర్‌ను సరిదిద్దలేరు.

రాసిచ్చాక ఒక పరీక్ష పెట్టండి. అతను సెలవుకు ఊరు వచ్చినప్పుడు ఒక ఖాళీ కంప్యూటర్‌ను, ఆ రెండు పేజీలను మీ గుమస్తా చేతికి ఇచ్చి, నిన్నటి లెక్కలను అందులో తెరవమనండి. కుర్రాడు పక్కన కూర్చోవచ్చు కానీ నోరు విప్పకూడదు. గుమస్తా ఎక్కడ ఆగిపోతే కాగితం మీద అక్కడ ఒక గుర్తు పెట్టి, ఆ చోట లేని వాక్యాన్ని అతని చేత అప్పుడే రాయించండి. ఏప్రిల్‌లో దాళ్వా ధాన్యం మిల్లుకు దిగడం మొదలయ్యాక ఈ పనికి ఎవరికీ తీరిక ఉండదు కనుక, సంక్రాంతికి అతను ఇంటికి వచ్చినప్పుడే పూర్తి చేయించుకోండి.