రియల్ ఎస్టేట్ లైసెన్సు నిలుపుకోవడానికి మళ్లీ చదవాలా?

అమెరికాలో పరీక్ష పాసై రియల్ ఎస్టేట్ లైసెన్సు తెచ్చుకున్నాక కూడా తరగతులు తప్పవా, ఎన్ని గంటలు చదవాలి అని అడిగారు. తప్పవు. లైసెన్సు ఇచ్చేది రాష్ట్రం కాబట్టి లెక్క కూడా రాష్ట్రానిదే. కాలిఫోర్నియాలో నాలుగేళ్లకు 45 గంటలు, న్యూయార్క్‌లో రెండేళ్లకు 22.5 గంటలు, ఫ్లోరిడాలో రెండేళ్లకు 14 గంటలు.

కొత్తవారు జాగ్రత్తపడాల్సింది మొదటి రెన్యువల్ దగ్గర. ఫ్లోరిడాలో సేల్స్ అసోసియేట్లు (బ్రోకరు కింద పనిచేసే ఏజెంట్లు) తొలి గడువులోపు ఆ 14 గంటలు కాదు, లైసెన్సు వచ్చాక చేయాల్సిన 45 గంటల పోస్ట్ లైసెన్సింగ్ కోర్సు పూర్తిచేయాలి. చేయకపోతే లైసెన్సు చెల్లకుండా పోతుంది. అంత కష్టపడి సాధించినదాన్ని ఇలా పోగొట్టుకోకండి, ఆ తేదీని ఇప్పుడే రాసిపెట్టుకోండి.

గంటలు నిండితే చాలదు, నిర్దేశించిన విషయాలూ ఉండాలి. న్యూయార్క్‌లో కనీసం 3 గంటలు ఇళ్ల అమ్మకం, అద్దెల్లో వివక్షను నిషేధించే చట్టాలకు కేటాయించాలి. నా దృష్టిలో అన్నింటికన్నా విలువైన పాఠం ఇదే. జాతి, రంగు, మతం చూసి ఇల్లు నిరాకరించడం 1968 నుంచి ఫెడరల్ చట్టానికి విరుద్ధం. అయినా ఏజెంటు నోటి నుంచి అనాలోచితంగా వచ్చే ఒక్క మాట ఒక కుటుంబాన్ని వారు కోరుకున్న వీధికి దూరం చేయగలదు.

గడువు దాటితే? కాలిఫోర్నియాలో రెండేళ్లలోపు ఆలస్య రుసుము కట్టి పునరుద్ధరించుకోవచ్చు. ఈలోగా లైసెన్సు అవసరమయ్యే ఏ పనీ చేయకూడదు. ఫీజు కట్టేముందు కోర్సుకు మీ రాష్ట్ర ఆమోదం ఉందో లేదో చూసుకోండి. పూర్తిచేసిన ధ్రువపత్రాలను భద్రపరచుకోండి.