తరలిపోని సంఘం: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికాలో తుపాకీ హక్కుల కోసం పోరాడే సంఘం నేషనల్ రైఫిల్ అసోసియేషన్ న్యూయార్క్‌ను వదిలి టెక్సస్‌కు వెళ్తానని ప్రకటించినప్పుడు అమెరికా ప్రజలు ఏమనుకున్నారన్న విషయం మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం నీకు లొంగింది, కనుక భాష గురించి చెప్పవలసింది పెద్దగా లేదు. అయితే ప్రజాభిప్రాయం అన్న మాట పేజీకి నాలుగైదుసార్లు వస్తున్నా, ఆ అభిప్రాయం ఎవరిదో, అసలు దేని మీద ఏర్పడిందో ఒక్కచోట కూడా తేలలేదు. ఈ ఉత్తరం దాని గురించే.

నీ మొదటి పేరాలో లారీలకెక్కుతున్న సామాను ఉంది. దాన్ని తీసెయ్యి, ఎందుకంటే ఏ లారీ కదలలేదు. ఆ సంఘం 1871లో న్యూయార్క్ రాష్ట్ర చట్టం కింద నమోదైంది, కార్యాలయమేమో చాలా ఏళ్ళుగా వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్‌లో ఉంది. 2021 జనవరి 15న న్యూయార్క్ నుంచి టెక్సస్‌కు మారుస్తామన్నది నమోదునే. ఫెయిర్‌ఫాక్స్ కార్యాలయం వెంటనే ఎక్కడికీ వెళ్ళదని ఆ రోజే చెప్పారు. కాగితం మార్పుకు అంత హడావిడి ఎందుకన్నది పాఠకుడు అడిగే మొదటి ప్రశ్న. లాభాపేక్ష లేని సంస్థ ఎక్కడ నమోదైతే అక్కడి అటార్నీ జనరల్‌కు దాని లెక్కలు అడిగే అధికారం ఉంటుంది. 2020 ఆగస్టులో న్యూయార్క్ అటార్నీ జనరల్ లెటీషియా జేమ్స్, నాయకులు సంఘం సొమ్మును సొంత విలాసాలకు వాడుకున్నారని ఆరోపిస్తూ, సంఘాన్నే రద్దు చేయమని దావా వేశారు. అయిదు నెలలు గడిచాక సంఘం టెక్సస్‌లోని డాలస్‌లో దివాలా కోర్టు తలుపు తట్టింది. మన దగ్గర ఐపీ పెట్టిన వ్యాపారి అప్పులవాళ్ళ కంట పడకుండా తిరుగుతాడు. ఈ సంఘం మాత్రం తన ఆర్థిక స్థితి ఎన్నో ఏళ్ళలో లేనంత బాగుందని చెబుతూనే దివాలా రక్షణ, అంటే దావాలనూ అప్పులవాళ్ళనూ కొంతకాలం ఆపే కోర్టు అండ, కోరింది. టెక్సస్ కోర్టుకు వెళ్ళడానికి ఆధారంగా చూపింది 2020 నవంబరులో అక్కడ పుట్టించిన సీ గర్ట్ అనే చిన్న అనుబంధ కంపెనీని.

ఇంత చెప్పిన తర్వాతే అభిప్రాయాల దగ్గరకు రావాలి. అప్పుడు పాఠకుడికి ఒక్కొక్కరి మాట వెనుక ఏముందో తెలుస్తుంది. టెక్సస్ గవర్నర్ గ్రెగ్ ఆబట్ ఆ రోజే స్వాగతం పలికాడు. ఆయనకు ఈ రాక రాష్ట్ర రాజకీయాల మీద ఎగిరే జెండా. లెటీషియా జేమ్స్‌కు ఇది జవాబుదారీతనం నుంచి పారిపోవడం. తుపాకుల నియంత్రణ కోరేవారు ఆమె మాటనే కాస్త గట్టిగా అన్నారు. ఈ మూడూ నీ వ్యాసంలో ఉన్నాయి, పైగా నువ్వు వీటికే నాలుగు పేజీలు ఇచ్చావు. నిజానికి ఒక పేరా చాలు, ఎందుకంటే ఇవి ఎవరైనా ముందే ఊహించగల మాటలు.

ఊహించలేని మాట సంఘం లోపలి నుంచి వచ్చింది. సంఘాన్ని అప్పటికి 1991 నుంచి నడుపుతూ వచ్చిన వేన్ లాపియెర్, దివాలా పిటిషన్ వేస్తున్నట్టు పాలకమండలిలో చాలామందికి చెప్పలేదు. సంఘం ప్రధాన న్యాయాధికారికి, ఆర్థికాధికారికి కూడా తెలియదు. మండలి సభ్యుడైన ఫిలిప్ జర్నీ, కాన్సస్‌లో న్యాయమూర్తి, ఈ వ్యవహారం మీద స్వతంత్ర విచారణ జరపాలని అదే డాలస్ కోర్టును కోరాడు. ఆయన తుపాకీ హక్కుకు వ్యతిరేకి కాడు. ఆ హక్కు కోసమే మండలిలో కూర్చున్నవాడు. ఆయన ప్రశ్న రాష్ట్రం గురించి కాదు, చందాలు కట్టినవారి సొమ్ము గురించి, వారిని అడగకుండా తీసుకున్న నిర్ణయం గురించి. నీ వ్యాసంలో ఆయన పేరే లేదు. అనుకూలురు, ప్రతికూలురు అని ముందే రెండు గదులు కట్టుకుంటే ఇలాంటి మనిషికి చోటుండదు.

ఇక నువ్వు పూర్తిగా వదిలేసినదీ, నా దృష్టిలో వ్యాసానికి ప్రాణం కాగలిగినదీ 1977 నాటి సంగతి. అప్పుడు ఈ సంఘం ప్రధాన కార్యాలయం వాషింగ్టన్ నగరంలో ఉండేది. నాటి నాయకులు దాన్ని కొలరాడో స్ప్రింగ్స్‌కు మార్చి, రాజకీయ ఒత్తిడి పనిని తగ్గించి, వేట, గురిపోటీలు, ప్రకృతి సంరక్షణ వైపు సంఘాన్ని నడపాలనుకున్నారు. చట్టసభకు దూరంగా కొండల ఊరికి పోవడమంటే పోరాటం మానుకోవడమేనని సభ్యులలో ఒక వర్గం అనుకుంది. ఆ మే నెలలో సిన్సినాటిలో జరిగిన వార్షిక సమావేశానికి వాళ్ళు నారింజ రంగు టోపీలు పెట్టుకుని వచ్చి, సంఘం నిబంధనావళిని చేతబట్టుకుని, తెల్లవారుజాము దాకా ఒక్కొక్క నిబంధనే మార్పించి, పాత నాయకత్వాన్ని దించి హార్లన్ కార్టర్‌ను ఎన్నుకున్నారు. కొలరాడో ప్రయాణం అక్కడితో ఆగింది. ఈనాడు మనకు తెలిసిన, చట్టసభ సభ్యులకు మార్కులు వేసి భయపెట్టే సంఘం రూపుదిద్దుకున్నది ఆ రాత్రి తర్వాతనే. వారి రాజకీయం నాకు నచ్చదు. అయినా సభ్యుల అభిప్రాయం ఒక తరలింపును ఎదురు నిలిచి ఆపిన సందర్భం అది, దాన్ని గౌరవంగా రాయక తప్పదు.

దాని పక్కన 2021ని పెట్టి చూడు. ఈసారి సభ్యులను ఎవరూ అడగలేదు, మండలిని సైతం దాటవేశారు. తరలింపును ఆపినది కోర్టు. 2021 మే 11న దివాలా న్యాయమూర్తి హార్లిన్ హేల్, ఈ పిటిషన్ సద్భావంతో వేసినది కాదనీ, న్యూయార్క్ దావాలో పైచేయి కోసం వేసినదనీ చెప్పి కొట్టివేశాడు. ఆ తర్వాతి కథ క్లుప్తంగా చాలు: సంఘాన్ని రద్దు చేయాలన్న కోరికను న్యూయార్క్ న్యాయమూర్తి 2022లో తిరస్కరించాడు, లాపియెర్ 2024 జనవరిలో రాజీనామా ప్రకటించాడు, మరుసటి నెలలో జ్యూరీ ఆయనను తప్పుపట్టి, 43 లక్షల డాలర్లకు పైగా తిరిగి కట్టమంది.

అంకెల విషయంలో ఒక మాట. తనకు సుమారు 50 లక్షల మంది సభ్యులున్నారని, వారిలో నాలుగు లక్షలకు పైగా టెక్సస్‌లోనే ఉన్నారని సంఘం చెప్పుకుంది. అది సంఘం తానే చెప్పుకున్న లెక్కని రాయి. ప్రజాభిప్రాయ సర్వేలు చేసే ప్యూ సంస్థ 2023 సర్వేలో తమకు సొంత తుపాకీ ఉందని చెప్పిన పెద్దలు 32 శాతం, అంటే దేశం మొత్తం మీద ఎనిమిది కోట్లకు పైగా. సంఘం లెక్కనే నమ్మినా, తుపాకీ ఉన్న పదహారు మందిలో ఒక్కరు సభ్యులు. ‘తుపాకీదారులు టెక్సస్ నిర్ణయాన్ని స్వాగతించారు’ అని నువ్వు రాసిన వాక్యం ఈ లెక్క ముందు నిలవదు. అలాగే, తుపాకీ చట్టాలు కఠినం కావాలా అన్న సర్వే జవాబును తెచ్చి సంఘం తరలింపు మీద అభిప్రాయంగా చూపించావు. ప్రశ్న వేరైతే జవాబు కూడా వేరే.

నువ్వుండేది డాలస్ శివార్లలో గనుక మనవాళ్ళ మాట కూడా కావాలి. 2023 మే 6న డాలస్ దగ్గరి ఆలెన్‌లోని దుకాణ సముదాయంలో జరిగిన కాల్పులలో ఎనిమిది మంది చనిపోయారు, వారిలో ఒక యువ తెలుగు ఇంజినీరు ఉంది. ఆ తర్వాత అక్కడి తెలుగు ఇళ్ళలో కొందరు తుపాకులంటే మండిపడ్డారనీ, కొందరు తామే ఒకటి కొనాలనుకున్నారనీ నువ్వే ఫోనులో చెప్పావు. ఆ రెండో వర్గాన్ని వ్యాసంలోకి ఎందుకు రానివ్వలేదు? 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేనిదే తుపాకీ ముట్టని దేశం నుంచి వెళ్ళినవాడు, తుపాకీ ఉంచుకునే హక్కునిచ్చే 1791 నాటి అమెరికా రాజ్యాంగ సవరణను సొంత హక్కుగా మాట్లాడటం మొదలుపెట్టాడంటే, దానిలో భయం ఎంతో, అలవాటు ఎంతో అడిగి తెలుసుకోవలసినదే. మన పాఠకులకు అమెరికా తుపాకీ పిచ్చి మీద ముందే ఒక చులకన ఉంది, దాని మీద ఆధారపడి రాస్తే ఎవరూ అడ్డు చెప్పరు, ఎవరూ కొత్తగా ఏమీ తెలుసుకోరు.

చివరి భాగంలో స్మిత్ అండ్ వెసన్‌ను తెచ్చావు. అది తుపాకులు తయారుచేసే కంపెనీ. మాసచూసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి టెనెసీలోని మేరీవిల్‌కు ప్రధాన కార్యాలయాన్ని మారుస్తామని 2021లో చెప్పినప్పుడు దాదాపు 550 ఉద్యోగాలు ఊరు దాటే పరిస్థితి వచ్చింది. అక్కడి అభిప్రాయంలో ఇంటి అద్దె ఉంది, పిల్లల చదువు ఉంది. దాన్ని ఈ వ్యాసంలో కలపకు, వేరే రాయి.

రెండో ప్రతిలో సిన్సినాటిని ముందుకు తెచ్చి, గవర్నరు, అటార్నీ జనరల్ మాటలు కుదించి, తుపాకీ కొనాలనుకున్న తెలుగు కుటుంబాలలో ఎవరైనా మాట్లాడటానికి ఒప్పుకుంటే వారి పేర్లు లేకుండా వారి మాటలు చేర్చి, దసరాలోపు పంపు. సంపాదకుడికి నేను చెప్పి ఉంచుతాను.