పాత ఎస్‌యూవీకి బ్రేసింగ్: అప్పు చేసి బిగించాలా?

ప్రశ్న: మా ఎస్‌యూవీకి 12 ఏళ్లు. మలుపుల్లో బాగా ఊగుతోంది, స్టీరింగ్ తిప్పాక బండి కాస్త ఆలస్యంగా తిరుగుతోంది. ముందు స్ట్రట్ బార్ (బానెట్ కింద రెండు పక్కల సస్పెన్షన్ పైభాగాలను కలిపే కడ్డీ), కింద బ్రేస్‌లు (బాడీని గట్టిపరిచే కడ్డీలు) బిగిస్తే సరిపోతుందని స్నేహితుడు అంటున్నాడు. అత్యవసర నిధిలోంచి కొంత తీసి, మిగతాది క్రెడిట్ కార్డు ఈఎంఐల్లో కట్టొచ్చా?

జవాబు: వద్దండి. ఈ పనికి అత్యవసర నిధిని ముట్టుకోకండి, కార్డూ వాడకండి. ఇంటిల్లిపాదీ ఎక్కే బండి మలుపులో ఊగుతుంటే టెన్షన్ పడటం సహజమే. అందుకే డబ్బు ముందుగా ఎక్కడ పెట్టాలో చూద్దాం.

బ్రేస్ పని బాడీ, సబ్‌ఫ్రేమ్ (సస్పెన్షన్ బిగించే చిన్న చట్రం) వంగకుండా పట్టి ఉంచడం. బండి పక్కకు ఒరగకుండా ఆపేవి స్ప్రింగులు, యాంటీ రోల్ బార్ (ఎడమ, కుడి సస్పెన్షన్‌ను కలిపే కడ్డీ). ఊగడాన్ని అణిచేవి షాక్ అబ్జార్బర్లు. ఇవి అరిగిపోతే ఎన్ని బార్లు బిగించినా ఊగుడు పోదు. పైగా మీది లాడర్ ఫ్రేమ్ బండి (బాడీ కింద నిచ్చెనలాంటి విడి చట్రం ఉన్నది) అయితే సస్పెన్షన్ భారం ఫ్రేమే మోస్తుంది, బానెట్ కింద స్ట్రట్ బార్ పెట్టినా తేడా పెద్దగా తెలియదు. మోనోకాక్ బండిలో (బాడీ, చట్రం ఒకటే అయినది) కొంత తెలుస్తుంది.

కాబట్టి ముందు తనిఖీకి ఖర్చు పెట్టండి. బండిని లిఫ్ట్ మీదకు ఎత్తించి, మీరూ కిందికి వెళ్లి చూడండి. మెకానిక్ లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది వైపు బండికి కలిపే చేయి) బుష్, అంటే రబ్బరు కీలు దగ్గర రాడ్ పెట్టి ఎత్తితే రబ్బరు చీలి, ఆర్మ్ అటూ ఇటూ కదులుతోందా? షాక్ అబ్జార్బర్ ఒంటి మీద నూనె కారి దుమ్ము ముద్దలా అంటుకుందా? టైరు పక్కన DOT అని మొదలయ్యే కోడ్ చివర నాలుగంకెలు చదవండి: 2317 అంటే 2017లో 23వ వారం తయారీ. పదేళ్లు దాటిన టైరు ట్రెడ్ బాగున్నా మార్చాల్సిందే. బుష్‌లు, బాల్ జాయింట్లు (చక్రం తిరగడానికి వీలిచ్చే గుండ్రటి కీళ్లు) మార్పిస్తే వీల్ అలైన్‌మెంట్ కూడా అదే రోజు చేయించండి, లేకపోతే కొత్త టైర్లు వంకరగా అరుగుతాయి. ఫ్రేమ్‌కు తుప్పు పట్టి ఉంటే మాత్రం బ్రేస్ మాట మర్చిపోండి. అప్పుడు బండిని ఇంకా ఎన్నాళ్లు ఉంచుకోవాలన్నదే తేల్చుకోవాల్సిన సంగతి.

లెక్క విషయానికొస్తే, పాత బండికి పెట్టిన ఖర్చు అమ్మేటప్పుడు తిరిగి రాదు. ఖర్చును మీరు బండిని ఉంచుకునే ఏళ్లతో భాగించి చూడండి. రెండేళ్లలో అమ్మేసే బండికి ఈఎంఐ వడ్డీ కట్టడం నాకు అస్సలు నచ్చదు. కొత్త టైర్లు, బుష్‌లు అలా కాదు, భద్రత కోసం ఎలాగూ కొనాల్సినవే. వాటికి నెలనెలా విడిగా పక్కన పెట్టండి. అత్యవసర నిధిలో ఆరు నెలల ఇంటి ఖర్చు అలాగే ఉండనివ్వండి.

ఇవన్నీ అయ్యాక కొన్ని వారాలు నడిపి చూడండి. అప్పటికీ బ్రేస్ కావాలనిపిస్తే, మిగిలిన సొమ్ముతో నిశ్చింతగా బిగించుకోండి. వెల్డింగ్ అక్కర్లేని, బోల్టులతో బిగించే రకమే తీసుకోండి. ముందే బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి, చెప్పని మార్పులు క్లెయిమ్ సమయంలో చిక్కు తెస్తాయి. విప్పిన పాత బోల్టులు దాచిపెడితే, బండి అమ్మేటప్పుడు బ్రేస్ తీసి విడిగా అమ్ముకోవచ్చు.