ఫైళ్ల ఉద్యోగానికి ఇంటర్వ్యూ

ప్రశ్న: సార్, ఎలక్ట్రికల్ బీటెక్ చేసి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. గేట్ స్కోరు చూసి కేంద్ర ప్రభుత్వ విద్యుత్ సంస్థ ఒకటి ఇంటర్వ్యూకి పిలిచింది. ‘అక్కడ ఫైళ్లు మోయడమే, చదివిందంతా మర్చిపోతావ్’ అంటున్నారు ఫ్రెండ్స్. ఇంట్లోనేమో వదులుకోవద్దంటున్నారు. ఏమడుగుతారోనని టెన్షన్‌గా ఉంది. వెళ్లమంటారా?
– ఓ పాఠకురాలు, హన్మకొండ

జవాబు: వెళ్లమ్మా. చేరాలా వద్దా అన్నది ఆఫర్ లెటర్ చేతికొచ్చాక చూసుకోవచ్చు. కింది స్థాయి పోస్టులకు కేంద్రం 2016 నుంచి ఇంటర్వ్యూలు ఎత్తేసింది. నీది ఎగ్జిక్యూటివ్ పోస్టు కాబట్టి పిలిచారు.

నేను ఇలాంటి ఓ పెద్ద సంస్థలో పర్సనెల్ (ఉద్యోగుల వ్యవహారాలు చూసే) డిపార్ట్‌మెంట్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఇంటర్వ్యూ బోర్డు పక్కన కాగితాలు పట్టుకుని కూర్చోవడం నా డ్యూటీ. చాలామంది పిల్లలు లావు పుస్తకాలు బట్టీ పట్టి వస్తారు. బోర్డులో ఉండే ఇంజినీర్లకు అవి విని విని విసుగు. ఓసారి హుజూరాబాద్ వైపు కుర్రాడొచ్చాడు. నాన్న వ్యవసాయం అన్నాడు. ‘అయితే బావి మోటారు ఎందుకు కాలుతుందో చెప్పు’ అన్నారు. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మిగతా రెండింటి మీద కరెంటు పెరిగి వైండింగ్ వేడెక్కుతుందన్నాడు. స్టార్టర్‌లో అలాంటప్పుడు మోటారును ఆపేసే రిలే ఉంటుంది కదా అంటే, ‘మాటిమాటికీ ట్రిప్ అవుతోందని మా నాన్నే పీకేసి డైరెక్ట్ చేశాడు సార్, నాట్లప్పుడు వైండింగ్ చేసేవాడు దొరకడు’ అన్నాడు. బోర్డంతా నవ్వింది. ఇక మిగతా టైమంతా ఆ మోటారు మీదే గడిచింది. సెలెక్టయ్యాడు.

నువ్వూ కళ్లారా చూసినవి సిద్ధం చేసుకో. మీ కాలేజీ ప్రాజెక్టులో ఏ భాగం నువ్వు చేశావో తెలిసి ఉండాలి. రామగుండం ఎన్టీపీసీ పాత ప్లాంటులో 200 మెగావాట్ల యూనిట్లు మూడు, 500వి నాలుగు, బొగ్గు సింగరేణిది. మన జిల్లాల పిల్లకు ఈమాత్రం తెలియకపోతే బాగుండదు. సాఫ్ట్‌వేర్ ఎందుకు వదులుతున్నావంటే దేశసేవ అనకు, ఆ జవాబు వాళ్లు రోజూ వింటారు.

ఇక ఫైళ్ల సంగతి. ప్లాంట్‌లో పంపు పాడైతే కొత్తది ఎందుకు కొనాలో ఫైల్లో నువ్వు నోట్ రాస్తావు. మీ ఆఫీసర్ సంతకం, ఆ పైఆఫీసర్‌ది, ఫైనాన్స్ వాళ్ల సమ్మతి, తర్వాత టెండరు. మధ్యలో ఎవరో ‘ప్లీజ్ డిస్కస్’ అని రాసి వెనక్కి పంపుతారు. ఒళ్లు మండుతుంది. కానీ ఏళ్ల తర్వాత కాగ్ ఆడిట్ వాళ్లో విజిలెన్స్ వాళ్లో వచ్చి ఆ ధరకు ఎందుకు కొన్నారని అడుగుతారు. అప్పటికి నువ్వు ఇంకెక్కడికో బదిలీ అయి ఉంటావు. వాళ్లకు జవాబు ఆ నోట్‌లోనే ఉండాలి. ఇప్పుడు ఈ-ఆఫీస్ వచ్చి కాగితం తగ్గింది గానీ సంతకాల వరుస తగ్గలేదు. మోటారు ఎందుకు కాలిందో చెప్పగలిగినవాళ్లు నోట్ కూడా బాగానే రాస్తారు, నేను చూశాను.

మర్చిపోతావన్నది పోస్టింగ్‌ని బట్టి ఉంటుంది. హెడ్డాఫీసులో కాంట్రాక్టుల సెక్షన్‌లో వేస్తే మీ ఫ్రెండ్స్ మాటే కొంత నిజం. అడిగే అవకాశముంటే ప్లాంట్ మెయింటెనెన్స్ అడుగు. షిఫ్టులుంటాయి, అది ఇంట్లో ముందే చెప్పు.

బీసీవైతే రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ పనికిరాదు, కేంద్ర ఫార్మాట్‌లో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ తీసుకో. మన జాబితాలోని కులాలన్నీ కేంద్ర జాబితాలో లేవు, ముందు అది చూసుకో. మీ కంపెనీ నోటీసు పీరియడ్ ఎక్కువైతే జాయినింగ్ తేదీ పొడిగించమని రాతపూర్వకంగా అడుగు. ఫోన్‌లో ‘సరేనమ్మా’ అన్నారని ఊరుకోకు.