గది మొత్తం ఫొటోలో పట్టాలంటే 1,20,000 లెన్స్ కావాలా?

ప్రశ్న: నా వయసు 33. కాకినాడలో ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని. జీతం చేతికి 42,000 వస్తుంది. ఇంటద్దె, బాబు స్కూలు ఫీజు, నాన్నగారి మందులు అన్నీ కలిపి నెలకు 40,000 ఖర్చవుతుంది. ఆదివారాలు, సెలవుల్లో కోనసీమ వైపు హోమ్‌స్టేలకు, రిసార్టులకు ఫొటోలు తీస్తాను. ఒక్కో పనికి 3,000 ఇస్తారు. అప్పుడప్పుడు పెళ్లిళ్లకు సెకండ్ కెమెరాగా వెళ్తాను. అంతా కలిపి సగటున నెలకు 9,000 వస్తుంది. నా దగ్గర సోనీ ఎ6400, దాంతో వచ్చిన 16-50 కిట్ లెన్స్ ఉన్నాయి. చిన్న గదులు పూర్తిగా రావడం లేదని యజమానులు అంటున్నారు. మూలల్లో షార్ప్‌నెస్ కూడా లేదు. మంచి వైడ్ యాంగిల్ ప్రైమ్ లెన్స్ (జూమ్ లేనిది) కొందామనుకుంటున్నాను. షాపువాళ్లు సోనీ 24 ఎం.ఎం. ఎఫ్ 1.4 జీ మాస్టర్ తీసుకోమంటున్నారు. ధర 1,20,000, 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ. సిగ్మా 16 ఎం.ఎం. ఎఫ్ 1.4 అయితే 36,000కే వస్తుందని ఫ్రెండ్ అంటున్నాడు. బ్యాంకులో 1,50,000 ఎఫ్‌డీ ఉంది. నిరుడు లైట్లు, గింబల్ కొన్న క్రెడిట్ కార్డు బాకీ 40,000 ఉంది, మినిమం డ్యూ కడుతూ వస్తున్నాను. బాబు పేరున నెలకు 3,000 సిప్ వేస్తున్నాను. ఎఫ్‌డీ తీసి కొనాలా, ఈఎంఐలో వెళ్లాలా? ఏడాది పాటు సిప్ ఆపితే తప్పా?

జవాబు: డబ్బు లెక్క తర్వాత చూద్దాం. ముందు లెన్స్ సంగతి తేలాలి, ఎందుకంటే మీరు రాసిన రెండింట్లో ఏది కొన్నా గది ఇప్పుడు పడుతున్న దానికంటే ఒక్క అంగుళం కూడా ఎక్కువ పడదు.

మీ కెమెరాలో వెలుతురు పట్టే సెన్సర్ ఫుల్ ఫ్రేమ్ (పాత 35 ఎం.ఎం. ఫిల్మ్ అంత పెద్దది) కాదు, అంతకంటే చిన్నదైన ఏపీఎస్-సి. లెన్స్ మీద రాసిన ఎం.ఎం. అంకె ఎంత చిన్నదైతే అంత వెడల్పు పడుతుంది. మీ కెమెరాకు ఆ అంకెను ఒకటిన్నరతో గుణిస్తే, ఫుల్ ఫ్రేమ్ లెక్కలో అది ఎంత వెడల్పు చూపిస్తుందో తెలుస్తుంది. షాపువాళ్లు చెప్పిన 24 ఎం.ఎం. మీ కెమెరా మీద 36 ఎం.ఎం. అయిపోతుంది. అంటే మామూలు చూపే, వైడ్ అనిపించుకోదు. మీ ఫ్రెండ్ చెప్పిన సిగ్మా 16 ఎం.ఎం. నిజంగా వైడే. కానీ మీ కిట్ లెన్స్ మొదలయ్యేదే 16 దగ్గర. రెండూ చూపించే వెడల్పు ఒకటే.

పది అడుగుల దూరంలో ఉన్న గోడను తీస్తున్నారనుకోండి. 24 ఎం.ఎం.తో ఆ గోడ దాదాపు 10 అడుగుల మేర పడుతుంది. 16తో 15 అడుగులకు కాస్త తక్కువ. 12తో 19 అడుగులు దాటుతుంది. 11తో 21 అడుగులు. హోమ్‌స్టే గదిలో మంచం, అల్మరా, కిటికీ ఒకే ఫొటోలో కావాలంటే, మీరు తలుపుకు ఆనుకుని నిలబడ్డా 16 చాలదు. యజమానులు అంటున్నది అదే.

దీనికి నా మాట నమ్మక్కర్లేదు. కిట్ లెన్స్‌ను 24 దగ్గర పెట్టి మీ ఇంట్లో పడకగదినే ఒక ఫొటో తీయండి. షాపువాళ్ల లెన్స్ చూపించేది అంతే. తర్వాత 16 దగ్గర పెట్టి తీయండి. సిగ్మా చూపించేది అంతే. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. 1,20,000 బిల్లు వేసే ముందు షాపులో ఎవరూ ఈ పరీక్ష పెట్టి చూపించలేదంటే నాకేం ఆశ్చర్యం లేదు.

జీ మాస్టర్ చెడ్డ లెన్స్ అని నేననడం లేదు. 2018లో వచ్చినప్పటి నుంచీ దానికి మంచి పేరే ఉంది. ఫుల్ ఫ్రేమ్ బాడీ ఉండి, రాత్రి ఆకాశమో, దీపాల వెలుతురో తీసేవాళ్లకు అది పెట్టుబడే. రేపు మీరు ఫుల్ ఫ్రేమ్‌కి మారితే పనికొస్తుందని షాపులో అనే ఉంటారు. మారినప్పుడు కొనొచ్చు. ఎప్పుడొస్తుందో తెలియని బాడీ కోసం ఇవాళ లెన్స్ కొని పెట్టుకోవడం, పిల్ల పుట్టకముందే కుల్ల కుట్టడమే.

మీ పనికి కావలసింది 11 నుంచి 13 ఎం.ఎం. మధ్య ఉండే లెన్స్. సోనీ 11 ఎం.ఎం. ఎఫ్ 1.8 ఉంది, బరువు 181 గ్రాములే. విల్‌ట్రాక్స్ 13 ఎం.ఎం. ఎఫ్ 1.4 ఉంది, 420 గ్రాములు, చేతికి బరువు తెలుస్తుంది. సామ్యాంగ్ 12 ఎం.ఎం. ఎఫ్ 2 ఉంది. దాని పాత రకానికి ఆటోఫోకస్ లేదు, చేత్తో తిప్పుకోవాలి. తర్వాత ఆటోఫోకస్ రకం కూడా వచ్చింది.

నన్నడిగితే మీ హోమ్‌స్టే పనికి ఆ చేత్తో తిప్పుకునే 12 ఎం.ఎం. చాలు. ఆటోఫోకస్ లేకపోతే ఎలా అని టెన్షన్ పడకండి. గది కదలదు, మంచం కదలదు, కెమెరా ట్రైపాడ్ మీద ఉంటుంది. ఎఫ్ అంకె పెరిగే కొద్దీ లెన్స్ రంధ్రం చిన్నదవుతుంది, దగ్గరవీ దూరానివీ కలిపి స్పష్టంగా వస్తాయి. ఎఫ్ 8 పెట్టి మూడు అడుగుల పైచిలుకు దూరంలో ఫోకస్ నిలిపితే, మీ ఎదురుగా అడుగున్నర నుంచి కిటికీ అవతలి కొబ్బరిచెట్ల దాకా అంతా స్పష్టంగానే వస్తుంది. ఒక్క చిన్న చిక్కుంది. ఆ లెన్స్‌కు కెమెరాతో మాట్లాడే కాంటాక్టులు ఉండవు. మెనూలో లెన్స్ లేకున్నా షట్టర్ పడే ఆప్షన్ ఆన్ చేసుకోవాలి. లేదంటే కెమెరా పాడైందనుకుని ఆ పూటంతా కంగారు పడతారు.

షార్ప్‌నెస్ విషయానికి వస్తే, జనం డబ్బు ఎక్కువగా తగలేసేది ఇక్కడే. ఖరీదైన ప్రైమ్‌కు అంత ధర పలికేది ఎఫ్ 1.4, 1.8 దగ్గర కూడా మూలలు చెదరకుండా ఉన్నందుకు. ట్రైపాడ్ మీద ఎఫ్ 5.6, ఎఫ్ 8 పెట్టి తీసేవాళ్లకు ఆ గొప్ప దాదాపు అక్కరకు రాదు. ఆ సెట్టింగుల్లో మంచి ప్రైములన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. హోమ్‌స్టే పేజీలో ఫోన్ మీద చూసే అతిథికి తేడా అసలే కనిపించదు. ఇంకా షార్ప్ కావాలని ఎఫ్ 16, 22కు వెళ్లకండి, అక్కడ మళ్లీ మెత్తబడుతుంది. మీ కిట్ లెన్స్ 16 దగ్గర మూలల్లో నలిగినట్టు రావడానికి కారణం వేరు. అది గీతలను బాగా వంచుతుంది. కెమెరా వాటిని సరిచేస్తూ మూలలను సాగదీస్తుంది. సాగిన చోట వివరం పోతుంది.

ఇంకో మాట. వైడ్ కదా అని మరీ 9, 10 ఎం.ఎం.కు పోవద్దు. పది బై పది గది ఫొటోలో ఫంక్షన్ హాలులా కనిపిస్తుంది. అతిథి బ్యాగులతో దిగి గది చూడగానే మోసపోయాననుకుంటాడు, రివ్యూలో అదే రాస్తాడు. ఆ రివ్యూ దెబ్బ మీ 3,000 మీదే పడుతుంది. కెమెరాను ఛాతీ ఎత్తులో, పైకీ కిందకీ వంచకుండా పెడితే గోడలు నిటారుగా వస్తాయి. సగం పని అక్కడే అయిపోతుంది.

పెళ్లిళ్ల లెక్క వేరు. మండపంలో వెలుతురు తక్కువ, మనుషులు కదులుతుంటారు. అక్కడ మీ ఫ్రెండ్ చెప్పిన సిగ్మా నిజంగా పనికొస్తుంది. కిట్ లెన్స్ 16 దగ్గర తెరుచుకునేది ఎఫ్ 3.5 వరకే. ఎఫ్ 1.4 అంటే ఆరు రెట్లకు పైగా వెలుతురు. ఐఎస్‌ఓ అంటే చీకట్లో ఫొటోను వెలిగించే సెట్టింగు, పెంచే కొద్దీ ఫొటోలో నలకలు పడతాయి. కిట్ లెన్స్‌కు ఐఎస్‌ఓ 6400 అవసరమైన చోట దీనికి 1000 చాలు. కాకపోతే మీ ఎ6400 బాడీలో చేతి వణుకును సరిచేసే స్టెబిలైజేషన్ లేదు, ఉన్నది కిట్ లెన్స్‌లోనే. సిగ్మా పెడితే అది పోతుంది, చేత్తో పట్టుకుని తీసే వీడియో వణుకుతుంది. గ్రూపు ఫొటోలో చివర నిలబడ్డ పెద్దమ్మగారు ఉన్నదానికంటే లావుగా వస్తారు, ఆ మాట పడేది కూడా మీరే. అప్పుడప్పుడు వచ్చే సెకండ్ కెమెరా పని కోసం ఇప్పుడు 36,000 పెట్టొద్దు. పెళ్లి ఉన్న రోజుకు అద్దెకు తెచ్చుకోండి. విశాఖ, హైదరాబాద్‌లో లెన్సులు రోజువారీ అద్దెకిచ్చేవాళ్లున్నారు. మీ ఊళ్లో స్టూడియోవాళ్లతో పరిచయం ఉంటే అంత దూరం కూడా పోనక్కర్లేదు.

ఇప్పుడు డబ్బు. మీకు జీతం, ఫొటోలు కలిపి 51,000 వస్తోంది. ఖర్చు 40,000, సిప్ 3,000 పోగా మిగిలేది 8,000. షాపువాళ్ల ఈఎంఐ 10,000. ఇంకో మాట లేకుండా ఆ లెన్స్ సంగతి ఇక్కడితో సరి.

నో కాస్ట్ అన్న పేరు గురించి కూడా రెండు మాటలు. సున్నా శాతం వడ్డీ అన్నదే లేదని, వడ్డీని వేరే రూపంలో దాస్తున్నారని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. అసలు జరిగేదేమిటంటే, వడ్డీకి సరిపడా మొత్తాన్ని ముందే డిస్కౌంటుగా తగ్గిస్తారు, ఆ వడ్డీని బ్యాంకు వాయిదాల్లో వసూలు చేసుకుంటుంది. 16 శాతం వడ్డీ అనుకుంటే మీ 1,20,000లో వడ్డీ భాగం సుమారు 9,800. దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 1,760 దాకా, మీ జేబులోంచే పోతుంది. ప్రాసెసింగ్ ఫీజు అదనం. పైగా నగదుకు ఎంత తగ్గిస్తారని అడిగే అవకాశం పోతుంది.

దీనికంటే పెద్ద కన్నం మీ కార్డు. లెన్స్ హడావిడిలో మీరు దాన్ని ఒక్క వాక్యంలో దాటేశారు. కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం అనుకుందాం, చాలా కార్డులకు ఇంచుమించు అంతే ఉంటుంది. 40,000 మీద నెలకు 1,400, దాని మీద జీఎస్టీ 252. మొత్తం 1,652. మినిమం డ్యూ 5 శాతం అంటే మీరు కట్టేది 2,000. అందులో అసలుకు పోయేది 350 లోపే. అదే 40,000 ఎఫ్‌డీలో 7 శాతం వడ్డీకి ఉన్నా నెలకు తెచ్చేది 230 రూపాయలు. ఒక చేత్తో 230 తీసుకుంటూ ఇంకో చేత్తో 1,652 ఇస్తున్నారు.

అందుకని ఎఫ్‌డీ తీయండి, కానీ లెన్స్ కోసం కాదు. ఈ వారమే అందులోంచి 40,000 తీసి కార్డు బాకీ మొత్తం కట్టేయండి. కొంత భాగమే తీసుకునే వీలుందేమో బ్యాంకులో అడగండి. గడువుకు ముందు తీసినందుకు అర శాతమో, ఒక శాతమో వడ్డీ తగ్గిస్తారు, ఫర్వాలేదు. కొంత తీయడం కుదరదంటే ఆ ఎఫ్‌డీ మీదే లోన్ అడగండి. ఎఫ్‌డీ వడ్డీ కంటే సాధారణంగా ఒకటి రెండు శాతం ఎక్కువ ఉంటుంది. కార్డుతో పోలిస్తే అదెంత! చివరి బిల్లు తర్వాత కూడా కొంత వడ్డీ పడుతుంది కాబట్టి వచ్చే నెల స్టేట్‌మెంట్ సున్నా అయ్యేదాకా చూడండి.

మిగిలిన 1,10,000 ముట్టుకోకండి. మీ ఖర్చుకు అది మూడు నెలలు కూడా రాదు. ఇంట్లో పెద్దాయన మందుల మీద ఉన్నారు, మీది ప్రైవేటు ఉద్యోగం. కార్డు తీరాక నెలకు మిగిలే 8,000లో 3,000 ఎఫ్‌డీ మళ్లీ నింపడానికి పెట్టండి. 5,000తో లెన్స్ పేరున రికరింగ్ డిపాజిట్ తెరవండి. ఏడు నెలల్లో 35,000 అవుతుంది. 12 ఎం.ఎం. మాన్యువల్ లెన్స్‌కు అది సరిపోవాలి, కొద్దిగా వాడినది దొరికితే ఏడు నెలలు కూడా ఆగనక్కర్లేదు.

ఈ లోపు పని ఆపొద్దు. కెమెరాను ట్రైపాడ్ మీద నిలువుగా పెట్టి, ఎడమ నుంచి కుడికి మూడు నాలుగు ఫొటోలు ఒకదాని మీద ఒకటి మూడో వంతు పడేలా తీసి సాఫ్ట్‌వేర్‌లో అతికించండి. దగ్గరలో కుర్చీలాంటిది అడ్డుంటే అతుకు కుదరదు, పక్కకు జరపండి. నాలుగైదు గదులున్న రిసార్టు పని వస్తే ఆ రోజుకు వైడ్ లెన్స్ అద్దెకు తెచ్చి, దాని ఖర్చు రేటులో కలిపి చెప్పండి. యజమాని 3,000కు బదులు 4,000 ఇవ్వడానికి ఒప్పుకున్నాడా, బేరమాడాడా? లెన్స్ కొనడం మీద అంతకంటే మంచి సలహా నేను కూడా ఇవ్వలేను.

వాడిన లెన్స్ కొంటే ఫోన్ టార్చ్ వెనక నుంచి వేసి లోపలి గాజును చూడండి. సాలెగూడులా సన్నని పోగులు కనిపిస్తే ఫంగస్, వదిలేయండి. మీ ఊరి సముద్రపు తేమకు అది త్వరగా పడుతుంది, ఇంట్లో కూడా గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి ఉంచండి. కొత్తదైనా, పాతదైనా గోడకు నాలుగు మూలలా న్యూస్‌పేపర్ షీట్లు అంటించి, కెమెరాను గోడకు సూటిగా పెట్టి తీయండి. అన్ని మూలలూ కాస్త మెత్తగా ఉంటే అది ఆ లెన్స్ తత్వం. ఒక్క మూలే అక్షరాలు అలుక్కుపోతే లోపలి గాజు పక్కకు జరిగింది, మార్చి ఇమ్మనండి. బిల్లు లేకుండా తక్కువ ధరకు ఇస్తామన్న దిగుమతి సరుకుకు ఇక్కడ కంపెనీ వారంటీ ఉండదు.

బిల్లు మీ పేరునే తీసుకోండి. ఫొటోల ఆదాయాన్ని జీతంతో పాటు రిటర్నులో చూపించాలి. ఖర్చుల లెక్కలు రాసి అసలు లాభం చూపేవారైతే లెన్స్ మీద ఏటా 15 శాతం తరుగుదల (వాడకంతో తగ్గే విలువ) ఖర్చుగా తీసుకోవచ్చు, ఆ ఏడాది 180 రోజులకు తక్కువ వాడితే అందులో సగం. వచ్చిన మొత్తంలో ఇంత శాతం లాభం అని అంచనా పద్ధతిలో చూపిస్తే లెన్స్‌ను వేరే ఖర్చుగా చూపడం కుదరదు.

బాబు సిప్ ఆపకండి. ఆపాల్సిన అవసరమే లేదు, పైన వేసిన లెక్కలో ఆ 3,000 ముందే తీసి పక్కన పెట్టాను.