నేను ఏడిస్తే కడుపులో బిడ్డకు తగులుతుందా?

ప్రశ్న: నాకు ఏడో నెల. పెళ్ళయిన నాలుగేళ్ళకు వచ్చిన తొలి కానుపు. మా వారు రొయ్యల చెరువులు లీజుకు తీసుకుని నష్టపోయారు. రోజూ రాత్రి భోజనాల వేళకు అప్పిచ్చినవాళ్ళ ఫోన్లు వస్తాయి. ఆ తరువాత మామగారికీ ఆయనకూ మాటా మాటా పెరుగుతుంది. నేను గదిలోకి వెళ్ళి ఏడుస్తాను. “కడుపుతో ఉన్నదానివి, ఏడిస్తే బిడ్డకు తగులుతుంది, ప్రహ్లాదుడు కడుపులో ఉండగానే అన్నీ విన్నాడు” అంటారు అత్తగారు. ఆందోళనకు రెండేళ్ళుగా వాడుతున్న మాత్రను నెల తప్పగానే నా అంతట నేనే మానేశాను. ఇప్పటికే నా బిడ్డకు హాని జరిగిపోయిందా? – ఒక సోదరి, భీమవరం

జవాబు: ముందుగా మీ ప్రశ్నకు సూటిగా బదులు చెబుతాను. ఏడ్చినంత మాత్రాన బిడ్డకు హాని జరగదు. ఇక్కడ క్లుప్తంగా ఇచ్చిన మీ ఉత్తరం అసలు ప్రతిలో ఫోన్ల గురించి రెండు వాక్యాలే ఉన్నాయి, మీ ఏడుపు గురించి రెండు పేజీలు ఉన్నాయి. ఆ లెక్క తారుమారు కావాలన్నదే నేను చెప్పదలచుకున్న మాట.

మనసు కలత పడినప్పుడు మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును విడుదల చేస్తాయి. ఏ కలతా లేకపోయినా గర్భిణికి నెలలు నిండేకొద్దీ ఇది సహజంగానే పెరుగుతుంది. బిడ్డ ఊపిరితిత్తులు పక్వం కావడానికి అది అవసరం కూడా. తల్లి రక్తంలోని కార్టిసాల్‌లో ఎక్కువ భాగాన్ని, బిడ్డను చేరకముందే, మాయలోని ఒక ఎంజైము పనిచేయని రూపంలోకి మార్చివేస్తుంది. రోజువారీ చిరాకులకు ఈ కాపలా చాలు. నెలల తరబడి తెరిపి లేకుండా సాగే తీవ్రమైన ఒత్తిడి వేరు: అటువంటి స్థితిలో నెలలు నిండకముందే కానుపు కావడానికీ, బిడ్డ తక్కువ బరువుతో పుట్టడానికీ అవకాశం కొంత పెరుగుతుంది. పెరిగేది అవకాశం మాత్రమే. అలాగే జరిగి తీరుతుందని అర్థం కాదు.

1998 జనవరిలో కెనడాలోని క్యూబెక్ ప్రాంతంలో మంచు తుపాను వచ్చి లక్షల ఇళ్ళకు కరెంటు పోయింది. కొన్ని ఇళ్ళకు వారాల తరబడి రాలేదు. అప్పుడు గర్భంతో ఉన్నవారి పిల్లలను సుజాన్ కింగ్ అనే పరిశోధకురాలి బృందం ఏళ్ళ తరబడి గమనించింది. పిల్లల మాటలలో, తెలివితేటల పరీక్షలలో కనిపించిన తేడాలు తల్లి ఎంత బాధపడ్డానని చెప్పిందన్న దానికన్నా, ఎన్నాళ్ళు చీకటిలో, ఎంత కష్టంలో గడిపిందన్న దానితోనే ఎక్కువగా ముడిపడి ఉన్నాయి. అవి సగటు లెక్కలు, ఏ ఒక్క బిడ్డ జాతకమూ కావు. అయినా మీ ఇంటికి పనికివచ్చే మాట ఒకటి అందులో ఉంది: తగ్గించవలసింది కన్నీళ్ళను కాదు, కష్టాన్ని.

అందువల్ల ఫోన్ల దగ్గర మొదలుపెట్టండి. రాత్రి భోజనాల వేళ మీ వారి ఫోను కట్టేసి ఉండాలి. అప్పులవాళ్ళతో మాట్లాడడానికి పగటిపూట ఒక వేళ, ఇంటికి బయట ఒక చోటు పెట్టుకోమని చెప్పండి. వీలైతే వాళ్ళు గౌరవించే ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకోమనండి. మొత్తం అప్పు ఎంతో మీరు రాయలేదు, బహుశా మీకు తెలియదేమో. గోడవతల వినబడే ముక్కలను బట్టి ఊహించుకునే అప్పు అసలుకన్నా పెద్దదిగా ఉంటుంది. ఒక పగటివేళ కాగితం మీద లెక్క రాసి మీకు చూపించమని అడగండి.

మీ అత్తగారి మాటలో ప్రేమే ఉంది, కానీ దాన్ని ఆవిడ చెప్పవలసింది మీకు కాదు, అన్నాల దగ్గర కూర్చున్న తండ్రీకొడుకులకు. ప్రహ్లాదుడి సంగతి అంటారా, ఆరో నెల దాటాక బిడ్డకు శబ్దాలు వినబడే మాట నిజమే. అన్నిటికన్నా బాగా అందేది తల్లి గొంతే. కేక అదురులా చేరుతుందేమో గాని అప్పు సంగతి చేరదు.

తొలి కానుపుకు ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికి తీసుకువెళ్ళడం మనలో ఉన్నదే. అక్కడ ఇంతకన్నా ప్రశాంతంగా ఉంటుందనుకుంటే తొమ్మిదో నెల దాకా ఆగకండి. పరీక్షల కాగితాలన్నీ వెంట తీసుకువెళ్ళండి.

ఇక మాత్ర విషయం. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది ఇదొక్కటే. ఇటువంటి మందులలో గర్భంతో ఉండగా కొనసాగించగలిగినవీ ఉన్నాయి, మార్చవలసినవీ ఉన్నాయి. హఠాత్తుగా మానేస్తే పాత ఆందోళన తిరగబెట్టవచ్చు. అలాగని మిగిలిపోయిన పాత మాత్రలను మీ అంతట మీరు మళ్ళీ మొదలుపెట్టకండి. మందు రాసిచ్చిన మానసిక వైద్యులూ కానుపు చూసే డాక్టరమ్మా మాట్లాడుకుని తేల్చవలసిన సంగతి అది. ఈలోగా రాత్రివేళ మనసు నిలవకపోతే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణికి, 14416కు ఫోను చేయండి; అది ఉచితం, 24 గంటలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. బతకాలనిపించడం లేదన్న ఆలోచన వస్తే ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పి ఆసుపత్రికి వెళ్ళాలి. బిడ్డ కదలికలు తగ్గినా, నొప్పులు విడవకుండా వస్తున్నా అంతే.

నెలనెలా పరీక్షలో బి.పి., బరువు చూస్తారు గాని నిద్ర పడుతోందా అని అడిగే తీరిక చాలాచోట్ల ఉండదు. మీరే చెప్పండి, థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు ఎలా ఉన్నాయో కూడా అడగండి. ఈసారి మీ వారిని బయట బెంచీ మీద కూర్చోబెట్టకుండా గదిలోకి తీసుకువెళ్ళండి. ఫోన్ల సంగతి ఆయన ఎదుటే డాక్టరమ్మతో చెప్పండి.